మా అత్త నోట రాని మాట

మా యేసయ్య గుడిలో స్త్రీల ఆదివారం వస్తోందంటే పెళ్ళివారిల్లే! ఆ ఒక్కరోజూ మగాళ్ళు నోరు మూసుకుని చాపల మీద కూర్చునేవారు. పాటలు మావి, ప్రార్థనలు మావి, ప్రసంగమూ మాదే. కోటబొమ్మాళికి కోడలిగా వచ్చిన మొదటి ఏడే నాకా సంబరం దక్కింది. పైగా ఆ ఏడు ప్రసంగానికి బదులు నాటకం వేద్దామన్నారు పాస్టరమ్మగారు.

అప్పటికి కొన్నాళ్ళుగా గురువారం గురువారం మా స్త్రీల సమాజంలో ఒకే బైబిలు కథ నడుస్తోంది. కరువుకి పరదేశం పోయిన ఒక ఇల్లాలు అక్కడ మొగుణ్ణీ, ఇద్దరు కొడుకుల్నీ పోగొట్టుకుంటుంది. సొంతూరికి తిరుగు ప్రయాణమవుతూ, మీ పుట్టిళ్ళకి వెళ్ళిపోండని కోడళ్ళకి చెబుతుంది. పెద్దకోడలు ఏడ్చి వెళ్ళిపోతుంది. చిన్నకోడలు మాత్రం చచ్చినా నిన్ను వదలనంటుంది. చదువు రానివాళ్ళకి నేను చదివి వినిపించేదాన్ని. నేను పుస్తకం మూయకముందే తగువు మొదలయ్యేది. "పెద్దది ఏటి తప్పు సేసినాది? ఎల్లమంటే ఎల్లినాది" అని సగం మంది. "ఎల్లమంటే ఎల్లిపోడమేనా?" అని సగం మంది. ఆ గోల నాకెంత ఇష్టమో!

అత్త వేషం మా అత్తకీ, చిన్నకోడలి వేషం నాకూ, పెద్దకోడలి వేషం మా పక్కింటి వదినకీ ఇచ్చారు పాస్టరమ్మగారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను మాత్రం కొట్టలేదు. ఎందుకంటే అప్పుడు మా అత్తకీ నాకూ సరిగ్గా మాటల్లేవు.

విజయనగరంలో టీచరు ట్రైనింగుకి నాకు సీటొచ్చింది. రెండేళ్ళు హాస్టల్లో ఉండాలి. స్త్రీల ఆదివారం మర్నాడే చేరాలి. చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. మా ఆయన్ని అడిగితే "అమ్మనడుగు" అనేవాడు. అత్తనడిగితే "సూద్దాంలే" అనేది. అవునూ లేదు, కాదూ లేదు! నాకు ఒళ్ళు మండిపోయేది. పళ్ళేలు ఠంగుమని పడేసేదాన్ని. ఆవిడ చూసీ చూడనట్టు ఊరుకునేది.

రిహార్సల్లో మొదటిరోజే బండి ఆగిపోయింది. కోడళ్ళని చూసి "మీ పుట్టిళ్ళకి వెళ్ళిపోండి" అనాలి మా అత్త. ఆవిడేమో "ఎల్లి రండమ్మా" అంది.

"వెళ్ళి రండి కాదమ్మా, వెళ్ళిపోండి" అన్నారు అమ్మగారు. ఆవిడది గుంటూరు వైపు.

"ఇంటి కోడల్ని ఎల్లిపో అంటారేటి అమ్మగారూ? తప్పు కాదేటి?"

"ఇది నాటకమమ్మా!"

"నాటకమైతే నోరు నాది కాదేటి?"

ఆడవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. బతిమాలారు, కోప్పడ్డారు, ఆశపెట్టారు. ఊహూ! ఆ ఒక్క మాట ఆవిడ నోట రానే లేదు. ఎంత మొండిఘటం అనుకున్నాను. ఇలాంటిది నన్ను ట్రైనింగుకేం పంపుతుంది?

ఆదివారం వచ్చింది. గుడి కిటకిటలాడిపోయింది. స్తంభాలకి దుప్పటి కట్టి తెర చేశాం. మా అత్తకి వేషమే అక్కర్లేకపోయింది, మావయ్య పోయినప్పట్నించీ ఆవిడది తెల్లచీరే. నాకైతే ఎగిరి గంతెయ్యాలన్నంత హుషారు.

అసలు ఘట్టం రానే వచ్చింది. అమ్మగారు తెర వెనకనుంచి "వెళ్ళిపోండి, వెళ్ళిపోండి" అని అందిస్తూనే ఉన్నారు. మా అత్త మా ఇద్దరినీ చూసి, గొంతు సవరించుకుని, "ఎల్లి రండమ్మా" అనేసింది.

వదిన గొల్లున ఏడ్చి దుప్పటి వెనక్కి వెళ్ళిపోయింది. నేను నా మాట ఎత్తుకోబోతున్నాను. ఇంతలో దుప్పటి పక్కకి తోసుకుని వదిన మళ్ళీ వచ్చేసింది!

"ఎల్లి రమ్మన్నావు కదత్తా? ఎల్లొచ్చినాను!"

గుడి గుడంతా ఒకటే నవ్వు. ముందు వరసలో సంఘపెద్దలు కూడా కడుపులు పట్టుకున్నారు. తెర వెనక అమ్మగారు "కథ మారిపోయింది, ప్రభువా!" అని నెత్తి కొట్టుకున్నారు.

నవ్వనిది మా అత్త ఒక్కతే. వదిన చెయ్యి గబుక్కున పట్టుకుంది. "వచ్చీసినావా? రా అమ్మా, రా" అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది. అది నటన కాదు. ఊళ్ళో పెద్దవాళ్ళకి అర్థమైనట్టుంది, ఒక్కొక్కరే నవ్వు ఆపేశారు. నాకు మాత్రం ఆ ఏడుపు ఎందుకో తెలియలేదు.

ఇంటికి నడుస్తూ మా అత్తే చెప్పింది. ఆవిడ పెద్దకొడుకు నా పెళ్ళికి ముందే జ్వరంతో పోయాడు. పెద్దకోడలు తనంతట తనే పుట్టింటికి వెళ్ళిపోయిందనే అప్పటిదాకా నాకు చెప్పారు.

"అది ఎల్లనేదే. దుక్కంలో నానే ఎల్లిపో అనీసినాను. ఎల్లిపోనాది. మల్లీ గుమ్మం తొక్కనేదు. ఇప్పుడు నిన్ను ఏ నోటితో ఎల్లమంటానే?"

ఇన్నాళ్ళూ "సూద్దాంలే" అన్నది ఇందుకా! నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. నడిరోడ్డు మీదే ఆగిపోయాను.

"ఎల్లిపో అని ఎవరు చెప్పమన్నారత్తా? ఇందాక నాటకంలో వదినకి చెప్పినట్టే చెప్పు. తను వచ్చేసిందా లేదా?"

ఆవిడ ముక్కు తుడుచుకుని నాకేసి చూసింది. "సచ్చినదాని నోరు" అంటూ నవ్వేసింది. "రైలు ఎన్నింటికే?"

సోమవారం పొద్దున్నే మా ఆయన పెట్టె మోసుకుని స్టేషనుకి వస్తే, ఆవిడ జంతికల డబ్బా పట్టుకుని వెనకే వచ్చింది. నేను రైలెక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆవిడ కిటికీ ఊచ పట్టుకుని "ఎల్లి రా" అంది.

"వస్తానత్తా" అన్నాను. బయల్దేరేటప్పుడు ఎవరైనా అనే మాటే.

రైలు కూత వేసి కదిలింది. ఆవిడ ఊచ వదల్లేదు, పక్కనే గబగబా నడుస్తోంది.

"ఏటన్నావే? ఇనబడనేదు! మల్లీ సెప్పు!"

కిటికీకి మొహం ఆనించి గొంతు చించుకుని అరిచాను.

"వస్తానత్తా! వస్తాను!"

అప్పుడు వదిలింది ఊచ.