ఊక బస్తాల మీద అత్తమ్మ

పొద్దున్నే పంచాయతీ మైకు ఆటో మా సందు మొదట్లో ఆగింది. మూసీకి పైన గేట్లు ఎత్తుతున్నారట, ఒడ్డు మీది ఇళ్లవాళ్లంతా మధ్యాహ్నంలోగా బడికి చేరుకోవాలట. నిజం చెప్తున్నాను, నాకు భయం కంటే ముందు హుషారు పుట్టింది. అంగన్‌వాడీ టీచరుగా ఎండాకాలమంతా, వరదొస్తే ఏం చేయాలో ఇంటింటికీ తిరిగి చెప్పిన పాఠం కదా, ఇవాళ పరీక్ష వచ్చింది. కొంగు నడుముకు దోపాను.

ఆధార్ కార్డులు, పాసుపుస్తకం, అత్తమ్మ బీపీ గోలీలు పాలిథిన్ కవర్లో మూటయ్యాయి. బియ్యం డబ్బా అటకెక్కింది. గ్యాస్ బండను కిటికీ ఊచకు గొలుసేసి కట్టాను, కరెంటు మెయిన్ ఆపేశాను. బర్రె పలుపు విప్పి పక్కింటివాళ్ల బర్రెలతో మెరక మీదికి తోలించాను. కాలు ఒకచోట నిలవలేదు. నా అంతటిది లేదనిపించింది.

ఒక్క అత్తమ్మే నాకు లొంగలేదు. నిరుడు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. వాకర్ పట్టుకుని ఇంట్లో నాలుగడుగులు వేస్తుంది, బురదలో ఒక్కటీ వేయలేదు. వాడలో మగవాళ్లు నలుగురొచ్చి, ఆమె పడుకున్న నులక మంచంతోనే మోసుకుపోతామన్నారు.

"నలుగురు కలిసి మంచం మీద మోసేది ఎవర్నో నాకెర్కనే. పాణముండంగ నేను రాను. మీరు పోండ్రి," అని అత్తమ్మ వసారాలో గోడవైపు తిరిగి పడుకుంది.

"నీళ్లొస్తుంటే శకునాలేంది అత్తమ్మా?" అని నేను ఒంటికాలి మీద లేచాను.

"మీ కోదాడల శకునాలు లేవేమో. మాకున్నయ్."

మా ఇద్దరి మధ్య ఏ మాట మొదలైనా చివరికి మా పుట్టింటి ఊరి దగ్గరే ఆగుతుంది. పెళ్లయినప్పటి నుంచీ ఆమెకు నేను కోదాడ పిల్లనే.

ఈలోగా మా ఆయన మిర్యాలగూడ నుంచి ట్రాలీ ఆటోలో దిగాడు. అక్కడ రైస్ మిల్లులో హమాలీ. గడపకు అడ్డం వేయడానికి ఇసుక బస్తాలు తెస్తానని మైకు వినగానే వెళ్లాడు. సందు నిండా తెల్లటి బస్తాలు దించుతుంటే నా ప్రాణం లేచొచ్చింది. ఒకటి ఎత్తబోయి వెనక్కి పడబోయాను. ఒంటి చేత్తో లేచింది.

"ఇసుక దొరకలే. మిల్లుల ఊక మస్తుగున్నది. నిండ కుక్కి కుట్టిచ్చిన. సూడు, ఎంత గట్టిగున్నయో," అన్నాడు గర్వంగా.

"పైన పటారం, లోన లొటారం. ఏమయ్యా, పొద్దస్తమానం వడ్ల మధ్య బతికే మనిషివి, ఊక నీళ్లలో తేలుద్దని తెలియదా?"

"మీద రాళ్లు పెడ్తే ఏడికి పోతయ్?" అని గడప ముందు పేర్చాడు. మొండితనంలో తల్లికి తగ్గ కొడుకు.

నీళ్లు హోరుమని రాలేదు. వెనక మోరీలోంచి మెల్లగా వాకిట్లోకి వచ్చాయి, గడప తాకాయి. రాళ్లు జారిపోయాయి. బస్తాలు ఒక్కొక్కటే లేచి బాతుల్లా వాకిట్లో తిరగసాగాయి. కడుపు మండుతున్నా నాకు నవ్వాగలేదు. ఆ నవ్వు వసారాలోకి తిరిగేసరికి చచ్చిపోయింది. నీళ్లు మంచం పట్టెలకు జానెడు కిందున్నాయి. సందులో నడుము లోతు. మా ఆయన తల్లిని వీపు మీద ఎక్కించుకోబోతే తుంటి దగ్గర కలుక్కుమని ఆమె మూలిగింది. బడిదాకా ఆ నీళ్లలో చేతుల మీద ఎత్తుకుపోవడం ఎవరి తరమూ కాదు.

అప్పుడొక బస్తా తేలుతూ వచ్చి మంచం కోడుకు కొట్టుకుని ఆగింది.

"దాన్ని కిందికి తొయ్యండి," అని అరిచాను. "అన్నీ తొయ్యండి. లారీ మోకు తెండి."

మా ఆయనా, ఇంకా మమ్మల్ని వదిలిపోని ఆ నలుగురూ బస్తాలు మంచం కిందికి నెట్టి, పట్టెలకు మోకుతో బిగించారు. మంచం ఒకసారి ఊగి, నాలుగు కోళ్లూ నేల విడిచాయి.

"మిమ్మల్ని ఎవరూ మొయ్యరు అత్తమ్మా. మీరే పోతారు. మేం పక్కన నడుస్తాం."

ఆమె నీళ్లవైపు చూసింది. "భుజాల మీదికి లేపరు గద?"

"లేపం. ఒట్టు."

అలా బయల్దేరాం. ముందు మా ఆయన, పక్కల ఆ నలుగురు, వెనక నేను. నీళ్లు గుండెల దగ్గరికి వచ్చాయి, అయినా ఆ సంబరం ఏమని చెప్పను. కవరు పొట్ట మీద పెట్టుకుని అత్తమ్మ హుకుంలు మొదలుపెట్టింది. "ఎడమకు రాండ్రి, గాడ బోరింగున్నది." కాసేపటికి, "ఈళ్ల గోడ గింత పగిలిందా," అని వాడంతా పరామర్శించింది.

బడి మెట్ల దగ్గర మంచం నేలకు తగిలి ఆగిపోయింది. అలవాటుగా నలుగురి చేతులూ కోళ్ల మీదికి వెళ్లాయి. అత్తమ్మ ముఖం మాడిపోయింది. ఒట్టు వేసిన దాన్ని, వాళ్లను ఆగమన్నాను. ఇక ఎలాగో తోచలేదు.

కొడుకు ముందుకొచ్చాడు. ఆమె అతన్ని చూడలేదు. రెండు చేతులూ నావైపు చాచింది.

"ఒక్కలు ఎత్తుకునేది పసిపోరగాండ్లను. దానికి ఏ శకునం లేదు," అంది.

ఎత్తుకున్నాను. ఇన్నేళ్లు నాతో ఢీ అంటే ఢీ అన్న మనిషి ఇంత తేలికగా ఉంటుందనుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. మెట్లెక్కుతుంటే ఆమె చేతులు నా మెడ చుట్టూ బిగుసుకున్నాయి.

"మెల్లగ, బిడ్డా," అంది.