ఊడిరాని పూత

వరద తీశాక మా వీధిలో అందరి గోడలూ ఆరాయి, మా చర్చి గోడ తప్ప. నిన్నగాక మొన్న కట్టిన నాసిరకం ఇళ్ళు కూడా ఎండ తగలగానే పెళపెళలాడాయి. ముత్తాతల నాడు కట్టిన చర్చి మాత్రం జ్వరం వదలని మనిషిలా చెమటలు పడుతూనే ఉంది. సంఘమంతా కలిసి బురద ఎత్తిపోశాం. బెంచీలు బయటికి మోసి, కడిగి, ఎండబెట్టాం. నేల రాళ్ళు తోమీ తోమీ చీపుళ్ళు అరగదీశాం. అయినా లోపల అడుగు పెడితే పాచి కంపు. గోడకు అరచేయి ఆనిస్తే తడి అంటేది.

ఆ గోడకు సిమెంటు పూత పూసింది మా ఆయన.

ఆయన తాపీ మేస్త్రి. మా నాన్న దగ్గర పనికి కుదిరి, పనితోపాటు నన్ను కూడా పట్టుకుపోయాడు. మా నాన్నది సున్నం పని. సున్నం గుంటలో నానాలి, నలగాలి, ఒక పూత ఆరాకే రెండోది పడాలి. అదంతా ఓపికున్నవాళ్ళ పని. మా ఆయనకు అన్నం ఉడికేదాకా ఆగడమే చేతకాదు. సిమెంటు వచ్చేసరికి ఆయనకు ప్రాణం లేచొచ్చింది. పొద్దున కలిపితే మర్నాటికి రాయి. ఊళ్ళో పనంతా ఆయన చేతికే వచ్చింది. ఆ రోజుల్లో చర్చి గోడల మీద పాత సున్నం పెళ్లలుగా రాలుతోందని పెద్దలు అనుకుంటుంటే, ఈయన ముందుకు వెళ్ళి, కూలి వద్దు, ఇది నా కానుక అని చెప్పి, లోపలా బయటా సిమెంటు పూసి అద్దంలా చేసిచ్చాడు. మట్టపు కర్ర ఆనిస్తే గోడకూ కర్రకూ మధ్య వెంట్రుక దూరేది కాదు.

అప్పటినుంచి ఆయన చర్చి మేస్త్రి అయిపోయాడు. పుట్టినప్పుడు పెట్టిన పేరు నాకే సరిగా గుర్తులేదు. నేనూ తక్కువ తినలేదు. ఆదివారం నా పక్కన ఎవరైనా కొత్తవాళ్ళు కూర్చుంటే చాలు, ఈ గోడ ఎవరు చేశారో తెలుసా అని మొదలుపెట్టేదాన్ని. పాస్టరుగారి ప్రసంగం వాళ్ళ చెవిన పడేది ఆ తర్వాతే.

గోడ ఆరకపోయేసరికి సంఘ పెద్దలు పొరుగూరి నుంచి ఒక సున్నం మేస్త్రిని పిలిపించారు. నడివయసు మనిషి. నోటికి మూత లేదు. తలుపు తట్టినట్టు గోడను వేలి కణుపుతో తట్టుకుంటూ పోయి, ఒకచోట ఆగి, ఇంట్లో ఎవరూ లేనట్టుందే అన్నాడట. లోపల డొల్ల పలికింది. పాత ఇటుక, పాత సున్నం నీళ్ళు తాగుతాయి, తాగినవి మళ్ళీ గాలికి వదిలేస్తాయి, మీద సిమెంటు బిగించేసరికి వదలడానికి దారి లేదు, ఇది మొత్తం తీసేయకపోతే ఇటుక లోపల్లోపలే పిండైపోతుంది అని చెప్పాడట. ఇంతకీ ఆ మహానుభావుడెవరు పూసింది అని అడిగితే పెద్దలంతా చెప్పుల వంక చూసుకున్నారట.

ఇదంతా చర్చి ఊడ్చే ఆమె కొళాయి దగ్గర నా చెవిన వేసింది. బిందె అక్కడే వదిలేసి చర్చికి పోయాను. ఆ సున్నం మేస్త్రిని పట్టుకుని, నీకు తాపీ ఏ చేత్తో పట్టుకోవాలో తెలియని రోజున మా ఆయన ఈ గోడ నిలబెట్టాడని, ఇంకా చాలా అన్నాను. అతను నోరు మూసుకోవడం అదే మొదటిసారి అనుకుంటాను. ఉలి పెట్టి అరచేయంత పెళ్ల లేపి పక్కకు జరిగాడు. వెనక నల్లగా ఉంది. వరద వెళ్ళి ఎన్నాళ్ళో అయినా అక్కడినుంచి నీళ్ళు సన్నగా గోడ వెంట జారాయి. ఆ కంపుకు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. పెట్టుకున్నాక, నలుగురూ చూస్తున్నారని చేయి దించేశాను.

ఇంటికి వచ్చి, వాళ్ళు సిమెంటు తీసేస్తారట, నువ్వు కొన్నాళ్ళు అటు వెళ్ళకు అని మాత్రం ఆయనతో చెప్పాను. ఎందుకని ఆయన అడగలేదు. అడగనందుకు నాకు భయం వేసింది. ఆ ఆదివారం ఆరాధనకు రాలేదు. పై ఆదివారమూ రాలేదు. తేలు కుట్టిన దొంగలా పెరట్లో గోడవైపు తిరిగి కూర్చునేవాడు. పాస్టరుగారు స్వయంగా వచ్చి, ఎవరూ మిమ్మల్ని తప్పు పట్టడం లేదు, ఆ రోజుల్లో అందరూ అలాగే చేశారు అన్నారు. తప్పు పట్టినా బాగుండేది, నాలుగు తిరిగి అంటించేదాన్ని. జాలి పడేవాళ్ళను ఏమని తిట్టను?

పని మొదలైంది. సుత్తి దెబ్బలు మా ఇంటికి వినబడేవి. ఒక్కో దెబ్బకు ఆయన భుజం అదరడం నేను చూశాను. కానీ పని సాగలేదు. సిమెంటు పెళ్లతో పాటు ఇటుక మొహం ఊడొచ్చేస్తోంది. పనికిమాలినవాడు పూసి ఉంటే పైపైన ఊడొచ్చేది, ఎవడో పని బాగా వచ్చినవాడు పూశాడు, అదే మన ఖర్మ అని సున్నం మేస్త్రి అంటున్నాడట. ఇలాగైతే గోడలే పడగొట్టి కొత్తవి కట్టుకోవడం మేలని పెద్దల్లో కొందరు అనడం మొదలుపెట్టారు. ఆ మాట పాస్టరుగారు మా గుమ్మంలో నిలబడే చెప్పి వెళ్ళారు. గోడలు పోతే ఇక చర్చి ఎక్కడిది? పేరు మిగులుతుందంతే.

పాస్టరుగారు వెళ్ళాక అన్నం పెట్టాను. మా ఆయన కంచంలో చేయి పెట్టి అలాగే ఉండిపోయాడు.

"అది ఎందుకు ఊడి రావట్లేదో నాకు తెలుసే," అన్నాడు.

"తెలిస్తే వెళ్ళి చెప్పు. ఇక్కడ కూర్చుని నాకు చెబుతావేం?"

"చెప్పాలంటే మిగతాది కూడా చెప్పాలి." కంచంలోంచి చేయి తీశాడు. "సిమెంటు పట్టు దొరకాలని ఇటుకల నిండా ఉలితో గాట్లు కొట్టాను. ఒక్క ఇటుక వదల్లేదు. మీ నాన్న వచ్చి చూశాడు. నిలబడ్డ మనిషిని నరుకుతున్నావేంట్రా, దానికి ఊపిరాడదురా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"మా మామకు సున్నంతోపాటు బుర్ర కూడా నానిపోయిందన్నాను. కూలీలంతా నవ్వారు. నేనూ నవ్వాను."

మా నాన్న ఆ ఏడే పని మానేశాడు. చేతులు వణుకుతున్నాయమ్మా అని నాతో చెప్పాడు. నమ్మి, తైలం తెచ్చి రోజూ ఆ చేతులకు రాశాను. అవి వణకడం నేనెప్పుడూ చూడలేదు. పెద్దవాళ్ళ ఒంట్లో ఏముందో మనకేం తెలుస్తుందిలే అనుకున్నాను.

నోటికొచ్చిన మాటలు చాలా పెద్దవి, బయటికి వస్తే ఇంట్లో ఇక ఇద్దరికీ చోటుండదు. కంచం తీసేశాను. ఆ పూట ఇద్దరమూ తినలేదు.

తెల్లారి ఆయన పనిముట్ల సంచి భుజాన వేసుకున్నాడు. నన్ను రమ్మనలేదు. నేనే వెనక నడిచాను.

చర్చిలో సగం సంఘం పనిలో ఉంది. ఆయన సున్నం మేస్త్రి దగ్గరికి వెళ్ళి, గాట్లన్నీ కుడి నుంచి ఎడమకు కిందికి వాలుగా ఉంటాయి, నా చేతివాటం అది, ఎదురుగా కొడితే ఇటుకను లాక్కొస్తుంది, ఎడమ పక్క కింది నుంచి సన్న ఉలి పెట్టి వాలు వెంటే లేపాలి అని చెప్పాడు. ఉలి తీసుకుని చేసి చూపించాడు. చేటంత పెళ్ల ఇటుక పగలకుండా వచ్చింది. ఎవరో చప్పట్లు కొట్టబోయారు. ఇటుక కనబడేసరికి ఆపేశారు.

ఇటుక నిండా గాట్లు. రెండో పెళ్ల తీశారు, మూడోది తీశారు, అన్నిటి వెనకా అదే. తడిసి నల్లబడిన గోడ మీద అవి కత్తిపోట్లలా ఉన్నాయి. పనిచేసేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చూసి వెళ్తున్నారు. బెంచీలకు రంగు వేస్తున్న అమ్మాయి ఒకతి వేలు గాటులో పెట్టి చూసి, "ఇంత కసిగా ఎవరు కొట్టారండీ? వరదలో ఏమైనా గుద్దుకుందా?" అని అడిగింది. కొత్తగా సంఘంలో చేరిన పిల్ల, ఆమెకు ఏమీ తెలియదు. సున్నం మేస్త్రి ఏదో సర్దబోయాడు. పాస్టరుగారు దగ్గారు.

"నేనే కొట్టానమ్మా," అన్నాడు మా ఆయన. "మా మామ వద్దన్నాడు. నలుగురిలో ఆయన్ని వెక్కిరించి మరీ కొట్టాను."

ఆ అమ్మాయి ఏం చేయాలో తెలియక కుంచె కిందికి దించింది. రంగు చుక్కలు నేల మీద పడ్డాయి. పోనీలే తాతా అని ఒక్కరూ అనలేదు, అంటే నేను ఒప్పుకునేదాన్నీ కాదు. ఆయన మళ్ళీ ఉలి ఆనించాడు. ఇంకొకరు వచ్చారు, అదే అడిగారు, అదే మాట చెప్పాడు. గొంతు తగ్గించలేదు, తల ఎత్తలేదు. సాయంత్రం దాకా ఎందరు అడిగితే అందరికీ చెప్పాడు. విన్న ప్రతిసారీ నాకు తలకొట్టేసినట్టయ్యేది. తిరిగి చూస్తే జనం మొహాల్లో ఉన్నది కోపమో, జాలో, ఇన్నాళ్ళూ నా గొప్పలు విన్న విసుగో తెలిసేది కాదు.

ఊడిన పెళ్లలు కుప్పపడుతున్నాయి. ఎత్తేవాళ్ళు చాల్లేదు. మూలనున్న బుట్ట ఒకటి తీసుకుని నింపి నెత్తిన పెట్టుకున్నాను. గోడ నుంచి వీధిలోకి, వీధి నుంచి గోడ దగ్గరికి తిరిగాను. మెడ నొప్పెట్టినా ఆగలేదు. ఆ రోజంతా నా నోట ఒక్క మాట రాలేదు. చర్చి ఊడ్చే ఆమె భయపడి, పిన్నికి ఒంట్లో బాగా లేనట్టుంది, ఇంటికి తీసుకుపోండని మా ఆయనతో చెప్పింది.