గట్టు మీది నేల ఉసిరి

వట్లూరులో నేను కెమిస్ట్రీ చెప్పే కాలేజీ లాబ్‌లోకి ఈమధ్య ఒక విద్యార్థిని తడి సంచి మోసుకొచ్చి బల్ల మీద దులిపింది. పచ్చి నేల ఉసిరి మొక్కలు. వేళ్ళకంటిన చెరువు మట్టి, నలిగిన ఆకు కలిసి గదంతా వాసన కమ్మేసరికి, కొల్లేటి ఒడ్డున మా ఇంటి పెరడు, రోలు దగ్గర గొంతుక్కూర్చున్న మా నాయనమ్మ నా కళ్ళ ముందుకొచ్చారు.

నాయనమ్మ పుట్టిల్లు జంగారెడ్డిగూడెం అవతల మెట్ట. కొల్లేటి పల్లానికి కోడలై వచ్చి ముసలిదైపోయినా ఆవిడ నాలుక మెట్టదే. మా వంకాయ చప్పనిది, మా నీళ్ళతో కాచిన చారు నీరసమైనది. వానలు పడగానే బస్సెక్కి పుట్టింటికి వెళ్ళి, ఎర్ర గరపనేలలో జానెడు మించి ఎదగని నేల ఉసిరి మొక్కల్ని వేళ్ళతో సహా పీకి తెచ్చి, కట్టలు కట్టి చూరు కింద నీడన వేలాడదీసేవారు. పచ్చకామెర్లు వచ్చినవాళ్ళు లంక ఊళ్ళ నుంచి పడవల మీద వచ్చేవారు. ఆకు నూరి, మజ్జిగలో కలిపి, పరగడుపున తాగించి, ఉప్పూ నూనే మానమని గట్టిగా చెప్పి పంపేవారు. నూరేముందు ఒక ఆకు నోట్లో వేసుకుని కొరకడం ఆవిడ అలవాటు. చేదుకి ముఖమంతా ముడుచుకుపోతేనే ఆ మొక్క రోట్లో పడేది, ఆ ముఖం చూసి పిల్లలం పడీపడీ నవ్వేవాళ్ళం. మొక్కల్లో ఎర్రకాడది కనిపిస్తే మాత్రం తీసి అవతల పారేసేవారు.

"ఇది దాని చుట్టమేగానీ మందు కాదర్రా" అనేవారు.

వరిచేలు చేపల చెరువులైన కాలం అది. నాన్నగారు చెరువులో చేపల మేతకి తవుడూ చెక్కా వేస్తుంటే మేం గట్ల మీద ఆడుకునేవాళ్ళం. అక్కడ నేల ఉసిరి మోకాలి దాకా, నిగనిగలాడుతూ పెరిగేది. ఆకు కింద వరసగా ఉండే ఆవగింజంత కాయల్ని కోసి, కొబ్బరి చిప్పల్లో పోసి, దుకాణం పెట్టేవాళ్ళం. ఇంత దగ్గర్లో ఉండగా బస్సెక్కి వెళ్ళడమెందుకని నాయనమ్మని ఒకసారి అడిగాను.

"ఇక్కడ దానికి తిండీ నీళ్ళూ ఎక్కువమ్మా. ఏ కష్టమూ లేకుండా పెరిగినదానికి చేదెక్కణ్ణించి వస్తుంది?" అన్నారు.

ఆ ఏడు లంకల్లో కామెర్లు ఎక్కువై చూరు కింద కట్టలన్నీ చెల్లిపోయాయి. అట్లతద్దికి గోరింటాకు చేతులతో ఉయ్యాలలూగి ఇంటికొచ్చేసరికి, పొయ్యి మీద మినపట్లు కాలుతున్న వాసనకే నాన్నగారు కడుపు పట్టుకుని అరుగు మీదికి వెళ్ళిపోయారు. ఆయన కళ్ళు పసుప్పచ్చగా ఉన్నాయి. వెనువెంటనే తుపాను పట్టింది, తమ్మిలేరు పొంగింది, ఏలూరు రోడ్డు నీళ్ళ కిందికి పోయింది. మెట్టకి బస్సు లేదు, ఆస్పత్రికి దారి లేదు. నాయనమ్మ మోకాలి లోతు నీళ్ళలో గట్టు దాకా వెళ్ళి, ఆ నిగనిగలాడే మొక్కల్నే ఒడినిండా తెచ్చి, ఒక ఆకు కొరికారు. నవ్వుదామని కాచుకున్నాం. ఆవిడ ముఖం ముడుచుకోలేదు. రెట్టింపు ఆకు రోట్లో వేశారు.

రోడ్డు తేలగానే నాన్నగారిని ట్రాక్టరు మీద ఏలూరు తీసుకెళ్ళారు. కళ్ళు పచ్చబడేసరికే లివర్ పూర్తిగా పాడైపోయి ఉందని డాక్టరు చెప్పారట. నాన్నగారు మళ్ళీ మాకు ప్రాణాలతో కనబడలేదు.

తర్వాత ఎవరొచ్చినా నాయనమ్మ రోలు ముట్టలేదు, ఏలూరు వెళ్ళమని పంపేసేవారు. అమ్మ తన దుఃఖం దిగమింగుకుని ఆవిడనే ఓదార్చేది.

"మీరేం చేస్తారండీ అత్తయ్యగారూ, దారి లేకపోతే?"

"కొరికి చూశాను కదమ్మా. పస లేదని తెలిసే పోశాను నా బిడ్డకి." పోయేదాకా ఆవిడది అదే మాట. ఆ మాట వింటూ పెరగడం వల్లే నేను ఈ చదువులోకి వచ్చానేమో.

మా విద్యార్థిని తెచ్చిన గట్టు మొక్కనీ, మెట్ట నుంచి తెప్పించిన మొక్కనీ, ఎర్రకాడదాన్నీ విడివిడిగా కాచి, ఆ రసాలను పూత పూసిన గాజు పలక మీద చుక్కలుగా పెట్టి, వాటిలోని పదార్థాలను విడదీశాం. చేదునిచ్చే పదార్థపు మచ్చ మెట్టదానికి చిక్కగా, గట్టుదానికి పలచగా తేలింది. ఎర్రకాడదానికి దాదాపు లేదు.

"ఒకే మొక్కకి నేల మారితే ఇంత తేడానాండీ మేడమ్?" అని ఆ అమ్మాయి ఆశ్చర్యపోయింది.

మా చెరువు గట్ల మీద ఇప్పుడు కలుపు మందు కొడుతున్నారు, గడ్డిపరక కూడా మొలవడం లేదు. ఈ మొక్కల కోసం ఆ అమ్మాయి ఎన్ని గట్లు తిరిగిందో. బల్ల మీది ఆకొకటి తుడిచి కొరికాను. చప్పగా ఉంది. ఇన్నేళ్ళూ నాలో దాచుకున్న మాట అప్పుడు పైకే అనేశాను: నువ్వన్నది నిజమే నాయనమ్మా, గట్టుదానికి పస లేదు. కానీ నాన్నగారి లివర్ అప్పటికే పోయింది. నీ మెట్ట మొక్క దొరికినా ఆయన బతికేవారు కాదు.

"ఎవరితో అంటున్నారండీ?" అంది ఆ అమ్మాయి.