రెండో సిలిండర్

ఆదివారం ఉదయం ఏడున్నరకు ఐర్లండ్‌లో డొనెగల్ కొండల్లోని ఆ ఊరికి చేరాం. రెండు జీపులు, ఆరుగురం. మోకాలి లోతు మంచు. మైనస్ ఆరు. మా మకాం ఊరి ఆటల క్లబ్బు హాలు. హీటర్లు ఉన్నాయి, కరెంటు లేదు.

అప్పట్లో నేను ఐరిష్ సైన్యంలో రిజర్వు సైనికుణ్ణి. ఇప్పుడు మానేశాను. మిగతా రోజుల్లో వైద్య పరికరాల ఫ్యాక్టరీలో ఇంజినీర్ని. డబ్లిన్ పక్కన మేముండే ఆడమ్స్‌టౌన్‌లో మనవాళ్ళ పిల్లలు "తుపాకీ ఇచ్చారా అంకుల్?" అని ఇప్పటికీ అడుగుతుంటారు. ఆ వారం నాకిచ్చింది ఒక పార, ఒక రేడియో, మంచులో చిక్కుకున్న ఇళ్ళకు చేర్చాల్సిన మందుల జాబితా.

చలికాలం మొదట్లో వచ్చిన అంచనా ప్రకారం ఆ ఏడు చలి మామూలు కంటే తక్కువ. అది నమ్మి నేను మందపాటి మేజోళ్ళు కూడా కొనుక్కోలేదు. ఇక్కడికొచ్చాక సార్జెంట్ పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి రేడియోలో విని, కొత్త అంచనా, హెచ్చరిక రంగు చేత్తో రాసి గోడకు అంటించేవాడు. పసుపు రంగయితే వెళ్ళొచ్చు. నారింజ అయితే అడిగి వెళ్ళాలి. ఎరుపయితే కదలకూడదు. మధ్యలో కూడా మార్పులు వస్తూనే ఉండేవి. సోమవారం ఒక్కరోజే రంగు నాలుగుసార్లు మారింది. టైర్లకు గొలుసులు ఎక్కించడం, విప్పడం, మళ్ళీ ఎక్కించడం. వేళ్ళు కొంకర్లు పోయాయి. ఒళ్ళు మండిపోయింది.

మంగళవారం పదకొండింటికి ఆఖరి ఇల్లు. కొండ మీద ఒంటరిగా ఉండే పెద్దాయన. ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆక్సిజన్ ఇచ్చే మెషీను కరెంటు లేక ఆగిపోయింది. ఫోను కూడా పోయింది. జీపులో రెండు సిలిండర్లు ఉన్నాయి.

నేను లెక్క వేశాను. నిమిషానికి రెండు లీటర్లు. ఒక సిలిండర్ పంతొమ్మిది గంటలు వస్తుంది. అంటే బుధవారం పొద్దున ఆరు దాకా. అర్ధరాత్రి నుంచి మంచు కరుగుతుందని గోడ మీది కాగితం చెప్పింది. ఐదింటికల్లా మేం మళ్ళీ రావచ్చు. గంట మిగులు కూడా ఉంది.

"రెండూ దించేద్దాం. ఏం పోయింది?" అన్నాడు డ్రైవర్.

"ఒకటి చాలు. రెండోది హాల్లో ఉండాలి. ఇంకెవరికైనా కావాల్సి రావచ్చు."

ఫ్యాక్టరీలో నాకు అబ్బిన బుద్ధి అది. అవసరానికి మించి ఒక్క పెట్టె ఎక్కువున్నా అక్కడ తలవంపులే. నా లెక్క కాగితం పెద్దాయనకు చూపించాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని ఓపిగ్గా చదివాడు. కిటికీలోంచి కొండ కేసి చూశాడు.

"బాగుంది బాబూ. నాకేం ఇబ్బంది లేదు," అన్నాడు.

ఆక్సిజన్ దగ్గర నిప్పు ఉండకూడదు కాబట్టి ఆయన కుర్చీని పొయ్యికి నాలుగడుగులు వెనక్కి జరిపించాను. పొయ్యి పక్కన గంప నిండా టర్ఫ్ పెట్టాను. బురదనేల తవ్వి, ఇటుకల్లా కోసి, ఎండబెట్టుకునే మట్టి అది. ఆ పల్లెల్లో అదే పొయ్యిలోకి.

సాయంత్రం మా ఆవిడ ఫోన్ చేసింది.

"ఫోన్‌ల మంచు తగ్గుతదని చూపిస్తుంది. రేపు రాత్రికి వస్తరా? మీకు గూడ అన్నం పెట్టాల్నా?"

"పెట్టు," అన్నాను. అంత ధీమా.

బుధవారం నాలుగున్నరకు గాలి చప్పుడుకి మెలకువ వచ్చింది. మంచు కరగలేదు సరికదా, కొత్తగా కురుస్తోంది. ఎరుపు.

"కంట్రోల్, కొండ మీది ఇంటికి ఆక్సిజన్ చేర్చాలి. ఆరు దాకానే ఉంది. ఓవర్."

"ముందేమీ కనిపించడం లేదు. కదలొద్దు. తొమ్మిదింటికి అడగండి. ఓవర్."

ఆరు దాటింది. తొమ్మిదింటికి అడిగితే పన్నెండు అన్నారు. ఆ తుఫానులో జీపు పోతే ఇంకో ఇద్దరు పోతారని నాకూ తెలుసు. తెలిసినా పళ్ళు నూరుకుంటూనే ఉన్నాను. రెండో సిలిండర్ గోడకు ఆనించి ఉంది. దాన్ని ఎవరూ అడగలేదు. ఆయన పోయాడనే అనుకున్నాను. చంపింది నేనే అనుకున్నాను.

పన్నెండున్నరకు నారింజ. అడిగాం, వెళ్ళమన్నారు. మైలున్నర ముందే జీపు ఆగిపోయింది. సిలిండర్‌ను ఎరువు సంచిలో కట్టి తాడుతో లాక్కుంటూ నడిచాం. సార్జెంట్ ముందు నడుస్తూ కర్రతో లోతు చూశాడు. రెండూ నలభైకి తలుపు తోశాను.

పెద్దాయన అదే కుర్చీలో ఉన్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. కళ్ళు మాత్రం నా వైపు తిరిగాయి. సిలిండర్ మీద, నిమిషానికి ఎన్ని లీటర్లో తిప్పే మీట చూశాను. నేను రెండు మీద పెట్టాను. ఇప్పుడు ఒకటి మీద ఉంది.

"ఎప్పుడు తగ్గించారు?"

"మీరు... గేటు దాటగానే." ఒక్కో మాటకూ ఊపిరి కూడదీసుకున్నాడు. "కొండ చూస్తే... కరిగేలా లేదు."

"నాతో అప్పుడే చెప్పొచ్చు కదా?"

"అంత జాగ్రత్తగా... లెక్క వేశావు. కాదంటే... ఏం బాగుంటుంది?"

నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

మీట మళ్ళీ రెండుకు తిప్పి, రేడియోలో కబురు చేశాను. నాలుగింటికి హెలికాప్టర్ వచ్చి ఆయన్ని తీసుకెళ్ళింది. బతికాడు. మంచు శుక్రవారం కరిగింది. సార్జెంట్ రిపోర్టులో "సిలిండర్ అందజేశాం" అని రాశాడు. నా తప్పు కూడా రాయమన్నాను. "మనిషి బతికాడు కదా, వదిలెయ్," అన్నాడు. ఒక్కరూ నన్ను తిట్టలేదు. అందుకే ఆ మంట ఇంకా చల్లారలేదు.

శనివారం ఇల్లు చేరాను. "ఆర్ యూ గ్రాండ్, నాన్నా?" అంది మా అమ్మాయి, బాగున్నావా అని ఇక్కడివాళ్ళు అడిగినట్టే. ఊఁ అన్నాను.

ఏటా నవంబరులో మా వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒకరు చలికాలం అంచనా పెడతారు. ఈసారి వెచ్చగా ఉంటుందట అంటారు. నేను చదవను. నాకు ఆ గది కనిపిస్తుంది. పొయ్యిలో చల్లారిన బూడిద. పక్కన గంప నిండా టర్ఫ్, నేను పెట్టింది పెట్టినట్టే. లేస్తే ఊపిరి ఖర్చవుతుందని, ఆ నాలుగడుగులు ఆయన నడవలేదు.