కందెన పూసిన జీపు

మొన్న మా కోడలు బజారు నుంచి గానుగ ఆముదం అని చీటీ అంటించిన సీసా ఒకటి తెచ్చి, మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టింది. "చూడత్తా, అచ్చం మీ చిన్నప్పటి వాసనే" అంది. ఆముదం వాసన తగిలితే ఎవరికైనా తలంట్లు, నూనె కారే జడలు, చంటిపిల్లల మాడు గుర్తుకొస్తాయి. నాకు మాత్రం ముందుగా జీపు గుర్తుకొచ్చింది. ఆ మాటే చెబితే కోడలు నవ్వింది. నవ్వకేం చేస్తుంది, ఆముదం తాగి చెడిన జీపును ఎవరు చూశారు గనక?

మా ఊరు కంబదూరు పక్క, పెన్నేటి ఇసుకకు రెండు మైళ్ల ఇవతల. యుద్ధం అయిపోయాక మిలిటరీవాళ్లు వేలంలో వదిలేసిన జీపు ఒకటి, చేతులు మారి మారి, నేను పలక పట్టిన ఏడు మా నాయన చేతికి వచ్చింది. స్టీరింగు ఎడమ పక్కన ఉండేది, పైన గుడ్డ పేలికలైపోతే మా అవ్వ, అంటే నాయనను కన్న తల్లి, గోనెపట్టాతో మాటు వేసింది, కూర్చుంటే సీటు తీగలు గుచ్చుకుని పిల్లలం గంతులేసేవాళ్లం. గేరు కడ్డీ పక్కనే ఇంకొక పొట్టి కడ్డీ ఉండేది. అది వేస్తే వెనక చక్రాలతోపాటు ముందు చక్రాలు కూడా లాగుతాయి. ఊళ్లోకి ఎవరొచ్చినా నాయన ఆ కడ్డీనే చూపించి, "నాలుగెద్దుల బండప్పా ఇది, ఇసుకలో ఎక్కడా నిలబడదు" అనేవాడు. నాకు తెలిసి ఆయన గొప్పలు చెప్పుకున్నది ఆ ఒక్క దాని గురించే.

ముందు చక్రాల వెనక పెద్ద బత్తాయంత ఇనుప గుండ్లు రెండు ఉండేవి. వాటికున్న బిరడా విప్పి లోపల గ్రీజు పెట్టాలట. గ్రీజు కోసం అనంతపురం పోవాలి. చక్రం అన్నాక కందెన పెట్టడం మా ఇంట్లో తాతల నాటి నుంచీ ఉన్నదే కదా అని నాయన అవ్వను అడిగాడు. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదంలో వేసి మెత్తగా మెదిపితే అదే కందెన. అది పూయకుండా మా పక్క ఎవరూ బండి కట్టరు, ఇరుసు కీచుమంటూ పోయే బండిని చూస్తే ఆ ఇంటి మగవాణ్ణి వీధంతా వేళాకోళం చేస్తుంది. అమావాస్య మాకు కాడి కట్టని రోజు. ఆ రోజు ఎద్దులను కడిగి, బండికి కందెన పూసి, ఆ చేత్తోనే నాయన జీపు గుండ్లలోకీ నిండా కుక్కేవాడు. అవ్వ పక్కన కూర్చుని వెదురు గొట్టంలోంచి కందెన తీసి అందిస్తూ, "లోపలికంటా పొయ్యి నాయనా, అదీ మన ఇంటి బిడ్డే" అనేది. ఆ పూట వంట ఆలస్యమైతే మాకు సద్దరొట్టె, ఊరుబిండి పచ్చడి ఆ జీపు పక్కనే పెట్టేవాళ్లు, తినే రొట్టెకు కూడా ఆముదం వాసన అంటేది.

జీపు నాయనదైతే చీనీతోట, అదే బత్తాయి తోట, అమ్మది. తాడిపత్రి దగ్గర పుట్టింట్లో చీనీచెట్ల కింద పెరిగిన మనిషి, ఈ వేరుశనగ చేల మధ్య పచ్చదనం లేక మొహం వాచి ఉండేది. పెళ్లైన ఇన్నేళ్లకు అడిగిన ఒకే ఒక్క కోరికని నాయన బావి పక్క మడిలో చీనీ అంట్లు పెట్టించాడు. అమ్మ చెరువు మట్టి మోసింది, పొయ్యిలో బూడిద చల్లింది, ఆవులు రాకుండా కంప నాటింది. తమ్ముడికి పాలిస్తూ కూడా తోట వైపు తిరిగి కూర్చునేది. మొదటిసారి పూత వచ్చిన రోజు ఆమె ఆ చెట్ల మధ్య ఊరికే అటూ ఇటూ తిరగడం నాకు కళ్లకు కట్టినట్టుంది. పిందెలు గోలీలంత అయ్యాయి. సరిగ్గా ఆ ఏడే వానలు మొండికేశాయి.

బావి అడుగంటింది. మేత లేక ఎద్దులను అమ్మ పుట్టింటికి తోలేశారు. పెన్నేటి ఇసుకలో గుంత తవ్వితే, దాన్ని మేం చెలమ అంటాం, అందులో మాత్రం తెల్లవారేసరికి నీళ్లు ఊరేవి. జీపులో పీపాలు పెట్టుకుని ఇసుకలోకి దిగి, నీళ్లు ముంచుకుని, ఆ పొట్టి కడ్డీ వేసి నాయన రోజూ గట్టెక్కించేవాడు. మేం వెనక వేలాడుతూ ఒలికిన నీళ్లను దోసిట పట్టుకుని ముఖం మీద చల్లుకునేవాళ్లం. పెద్దవాళ్లకు కరువు, మాకు తిరునాళ్ల.

ఉగాది ముందు ఒక ఉదయం, అమ్మా అవ్వా కూడా వెంట ఉండగా, నిండు పీపాలతో వస్తుంటే ముందు చక్రాల్లో టప్‌మని ఏదో తెగిన చప్పుడైంది. వెనక చక్రాలు ఇసుకను తవ్వుకుంటూ ఇరుసు దాకా దిగబడ్డాయి, ముందు చక్రాలు మాత్రం మొద్దుల్లా కదలకుండా నిలబడ్డాయి. నాయన కడ్డీ వేశాడు, తీశాడు, మళ్లీ వేశాడు. చక్రాల కింద కంప వేశారు, చెప్పులు వేశారు, చివరికి అవ్వ తన దుప్పటి కూడా వేసింది. ఏమీ కాలేదు. బరువు తగ్గిస్తే తప్ప రాదని తేలాక, నాయన అమ్మ వైపు చూడకుండా పీపాలు ఒక్కొక్కటే వంచేశాడు. పొద్దున్నుంచి చెంబులతో ముంచి నింపిన నీళ్లను ఇసుక చప్పుడైనా లేకుండా తాగేసింది. ఖాళీ జీపును అందరం తోసుకుంటూ ఇంటికి చేర్చాం.

ఆ ఉగాదికి మా ఇంట్లో ఓళిగలు, అదే బొబ్బట్లు, లేవు. పప్పుబేడలు ఉన్నాయి గానీ ఉడకేసే నీళ్లకు అమ్మ మనసొప్పలేదు. వాకిట్లో జీపు ముందు భాగాన్ని బండరాళ్ల మీదికి ఎత్తి నాయన దాని కిందికి దూరితే, ఊరంతా చుట్టూ చేరింది. పొట్టి కడ్డీ వంగిందని ఒకరు, గేరుపెట్టెలో పళ్లు అరిగాయని ఒకరు, దిష్టి తగిలిందని ఇంకొకరు. దిష్టి మాట వచ్చాక గుమ్మడికాయ కూడా కొట్టారు. కడ్డీ విప్పి చూస్తే బాగానే ఉంది, ఇంజను బలాన్ని ముందు చక్రాలకు అందించే గొట్టంలాంటి కడ్డీ కూడా తిరుగుతూనే ఉంది, చక్రాలే తిరగడం లేదు. విప్పిన నట్లతో మేం అచ్చనగాండ్లు ఆడుతుంటే ఎప్పుడూ కసరని నాయన ఆ రోజు కసిరాడు.

చివరికి తాడిపత్రిలో లారీ తోలే మా మేనమామకు కబురు పోయింది. మామ వచ్చి, ఎత్తిపెట్టిన ఎడమ చక్రాన్ని చేత్తో తిప్పాడు. అది తిరిగింది గానీ దానికి ఎదురు దిశలో తిరగాల్సిన కుడి చక్రం కదల్లేదు. ఎడమ గుండు విప్పాడు. లోపల ఆముదం బంకై, మసితో, ఇసుకతో కలిసి నల్లరాయిలా గడ్డకట్టి ఉంది. దాన్ని ఉలి పెట్టి చెక్కితే అడుగున ఇరుసు మెడ రెండు ముక్కలై కనిపించింది.

"గ్రీజు యాడ బావా? ఇదంతా ఏంది?" అన్నాడు మామ.

నాయన ఆ తెగిన ముక్కలనే చూస్తూ, "ఎడమది తెగితే కుడిదన్నా లాగల్ల గదప్పా. ఒకెద్దు పండుకుంటే రెండోది ఊరికే నిలబడ్తాదా?" అన్నాడు.

"ఇవి ఎద్దులు కావు బావా. ఒక పక్క తెగితే ఇంజను బలమంతా ఆ తెగిన పక్కకే పోతాది. బాగుండే పక్కకు ఏమీ రాదు."

అవ్వ నడవలో కూర్చుని కందెన మెదుపుతూ ఉంది. నాయన అటు చూసి, గొంతు తగ్గించి, "కందెన మాట మా యమ్మకు చెప్పొద్దప్పా. ముసిల్ది తట్టుకోల్యాదు" అన్నాడు. ఆ తెగిన ఇరుసు ముక్క కోసం మామ తాడిపత్రి, అనంతపురం అంతా వెతికాడు. మిలిటరీ బండ్ల సామాను ఇప్పుడు రావడం లేదన్నారు.

ఇక అమ్మ, అవ్వ, మేం బిందెలతో నడిచాం. రెండు మైళ్లు మోసుకొచ్చిన నీళ్లు రెండు చెట్ల పాదులకు చాలేవి కావు. బావి దగ్గరి చెట్లు ఇంకా పచ్చగా ఉన్నాయి, కంచె వైపువి ఆకు ముడిచేశాయి. అమ్మ ప్రతి బిందెనూ కంచె వైపే తీసుకుపోయేది. ఒకనాడు అవ్వ ఉండబట్టలేక, "బతికేటివాటికి పొయ్యమ్మీ" అంది. "బతికేటివి ఎట్లనో బతుకుతాయి లేత్తా. ఇవి సచ్చిపోతాండాయి" అంది అమ్మ. పక్కనే ఉన్న నాయన ఏదో చెప్పబోయి ఆగిపోయాడు. ఆయనకు తెగిన పక్క గురించి మామ అన్న మాట గుర్తొచ్చి ఉంటుంది, నాకైతే గుర్తొచ్చింది. చెప్పి మాత్రం ఆ తల్లిని ఎవరు ఆపగలరు? ముందు కంచె వైపువి పోయాయి, తర్వాత బావి వైపువీ పోయాయి. పిందెలు రాలకుండా కొమ్మల మీదే ఎండిపోయాయి. శ్రావణం దాటాక వాన వచ్చింది. అమ్మ తలుపు వేసుకుని లోపలే కూర్చుంది. ఆ మధ్యాహ్నం ఆమె ఏడ్చిన ఏడుపు వాన చప్పుడులో కూడా వినిపించింది.

జీపు రాళ్ల మీదే ఉండిపోయింది, కోళ్లు దాని సీట్లో గుడ్లు పెట్టాయి. అవ్వ మాత్రం బతికున్నన్నాళ్లూ ప్రతి అమావాస్యకూ కందెన మెదిపి, "ఈసారి గట్టిగా పెట్టు నాయనా, లాగుతాది" అని నాయన చేతికిచ్చేది. ఆయన బుద్ధిగా అందుకుని, ఇక ఎన్నడూ తిరగని ఆ చక్రాల గుండ్లలో నిండా పెట్టి వచ్చి, "పెట్టినా లేమ్మా" అని చెప్పేవాడు.

ఇప్పుడు ఆ మడిలో గాలిమర ఒకటి తిరుగుతూ ఉంటుంది. ఎద్దులబండ్లు లేవు, వెదురు గొట్టాలు లేవు, పెన్నేట్లో చెలమ తవ్వడానికి ఇసుకే మిగల్లేదు. కోడలు సీసా వంచి నా అరచేతిలో ఆముదం పోసి, "తలకు పెట్టుకో అత్తా" అని లోపలికి వెళ్లింది. నేను ఆ నూనె చెయ్యి అలాగే పట్టుకుని, వాకిట్లో నిలిపిన మా అబ్బాయి కారు ముందు చక్రం దగ్గర చాలాసేపు నిలబడ్డాను.