చెరువు గట్టున మా వదిన కల్లం

మా వదిన పోయిందని పొద్దున్నే ఫోను వచ్చింది. అవతలివాళ్లు ఇంకా ఏదో చెబుతూనే ఉన్నారు. నాకు మాత్రం ఏళ్ల కిందట మా అన్నయ్య ఆవిడకిచ్చి తప్పిన మాటే గుర్తొచ్చింది.

అప్పుడు అన్నయ్య ఊరికి సర్పంచ్. మంచినీళ్ల చెరువు పూడ్చి ఇళ్ల ప్లాట్లు వేస్తామని ఒక కంపెనీ వచ్చింది. ఊరి పెద్దలంతా తలలూపారు. ఆ ఒక్క చెరువూ పోతే ఎండాకాలమంతా ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని నిలబడాల్సిందే. వదిన ఎవరితోనూ వాదనకు దిగలేదు. తన చేలో కోసిన మిరపకాయలు తెచ్చి, మట్టి బండ్లు వచ్చే గట్టు మీద ఆరబోసింది. మర్నాడు వీధిలో ఆడవాళ్లంతా తమ కాయలూ తెచ్చి పోశారు. ఆ కొస నుంచి ఈ కొస దాకా గట్టు ఎర్రబడింది.

టిప్పర్ డ్రైవరు హారన్ కొట్టీ కొట్టీ దిగి వచ్చాడు.

"అమ్మా, కాయలు పక్కకు లాగండి. మట్టి దించాలి."

"తొక్కించుకుని పోరా. మీ ఇంట్లో ఆడవాళ్లు ఎప్పుడూ కాయకోతకు పోలేదా ఏంటి?" అంది వదిన.

వాడు తల గోక్కుని బండి వెనక్కి తిప్పాడు. మా వైపు పుట్టినవాడెవడూ మిరపకాయల మీద చక్రం ఎక్కించడు.

పుస్తకాల్లో చదివిన పోరాటాలు నేను వినిపించబోతే, "అవన్నీ తర్వాత మరిదీ, ముందు ఈ కాయలు తిరగేయి" అనేది. ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించి, గింజల చప్పుడు విని, "ఇంకా రెండెండలు కావాలి" అనేది.

ఒక సాయంత్రం మబ్బు పట్టింది. అన్నయ్య గట్టు మీదికి వచ్చాడు. "ఎత్తెయ్యవే, తడుస్తాయి. మట్టి బండి ఒక్కటి కూడా రాదు, నాది పూచీ" అన్నాడు. నమ్మి ఎత్తింది. వాన పడలేదు. తెల్లారేసరికి చెరువు తూర్పు మూల పూడిపోయి ఉంది.

"పోన్లెండి, కాయలైతే తడవలేదు." ఆయనతో ఆవిడ అన్నది ఆ ఒక్క మాటే. కాయలన్నీ మోయించి ఆ కొత్త మట్టి మీదే ఆరబోసింది. గొడవ పేపర్లకెక్కింది, కంపెనీ ఆ మూలలో వేసిన ప్లాట్లతో సరిపెట్టుకుని వెనక్కి తగ్గింది. మిగతా చెరువు దక్కింది. ఊరు ఇప్పటికీ ఆ నీళ్లే తాగుతోంది.

సంతాప సభలో ఆవిడను పొగిడిన పెద్దమనుషుల్లో సగం మంది తూర్పు మూల ప్లాట్లు కొన్నవాళ్లే. వాళ్లను చూస్తే నాకు కోపం కూడా రాలేదు.

మర్నాడు పొద్దున చెరువు దగ్గరికి వెళ్లాను. ఆ మూల లేచిన డాబాల నీడ సగం నీళ్ల మీద పరుచుకుని ఉంది. గట్టున చేతులు కట్టుకుని ఒక్కడే నిలబడి ఉన్నాడు, ఆవిడ మళ్లీ ఆ ఊసెత్తకుండా చివరిదాకా అన్నం పెట్టిన మనిషి. ఆవిడ అనలేదు కాబట్టి నేనంటున్నాను. ఆ మూల పోయింది నీవల్లే, అన్నయ్యా.