కణితికి పెట్టిన పథ్యం

స్నానం చేసి తుడుచుకుంటుంటే ఎడమ చనుమొన దగ్గర దురద పుట్టింది. చేత్తో తడిమితే గడ్డ. నిమ్మకాయంత ఉందని తర్వాత ఆస్పత్రిలో అందరికీ చెప్పాను గానీ, నిజానికి శనగగింజంతే. మాది పట్టిసీమ, బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. చెమటకి అలర్జీ అనుకుని సిట్రిజిన్ మింగుతూ గడిపేశాను. దురద కాస్త తగ్గేది. గింజ మాత్రం తగ్గలేదు. మొన పొట్టు లేచి తడి కారుతుంటే మా ఆవిడ సత్యవతి రాజమండ్రి లాక్కెళ్లింది.

మామోగ్రామ్ గది బయట అందరూ ఆడవాళ్లే. పక్కనున్నావిడ "మీ ఆవిడ లోపలికెళ్లారాండి?" అనడిగింది.

"ఆఁ, ఇప్పుడేనండి" అన్నాను. అంతలోనే సిస్టర్ నా పేరు పిలిచింది. పాపం, ఆవిడ నవ్వలేదు. కాళ్లు జరిపి దారిచ్చింది.

బయాప్సీ రిపోర్టు చూసి డాక్టరమ్మ, "బ్రెస్ట్ క్యాన్సరే తాతగారూ. మగవాళ్లకి అరుదు, కానీ వస్తుంది" అన్నారు. ఊళ్లో మాత్రం గుండె ఆపరేషనని చెప్పాను. గుండె జబ్బుకైతే కాస్త మర్యాద ఉంది.

రొమ్ము తీసేశారు. తర్వాత కీమో మొదలైంది. మందు ఎక్కించే ముందు సిస్టర్ వేరే ఇంజెక్షనొకటి ఇచ్చింది.

"ఇదేంటమ్మా?"

"మందు పడక రియాక్షన్ వస్తుందేమోనని ముందే ఇస్తామండి. దురద, దద్దుర్లు పుట్టించే హిస్టమిన్‌ని అడ్డుకుంటుంది."

ఇంటికొచ్చి ఫోన్లో వెతికాను. రొమ్ము కణితిలో హిస్టమిన్ ఎక్కువుంటుందని ఒకచోట, ఎండుచేపల్లో, పెరుగులో, టమాటాలో, వంకాయలో అదే ఉంటుందని ఇంకోచోట కనబడింది. రెంటికీ ముడేశాను. కామెర్లొచ్చినా, పురుడొచ్చినా మన ఇళ్లలో ముందు పెట్టేది పథ్యమే కదా! కణితికీ పెట్టాను. చేప, పెరుగు, పులుపు అన్నీ బంద్. ఎందుకైనా మంచిదని గుడ్డూ మానేశాను. చప్పిడి బీరకాయ కూర, అన్నం. అదీ నాలుగు ముద్దలు.

"తినకపోతే మందుకెలా తట్టుకుంటారండీ?" అని సత్యవతి ఏడ్చేది.

"నీకు తెలీదు, ఊరుకో" అనేవాణ్ని. మంచం మీంచి గుమ్మం దాకా వెళ్లడానికే ఆయాసం. అది కీమో అలసటే అనుకున్నాను.

తర్వాతి కీమోకి వెళ్తే డాక్టరమ్మ బరువు చూశారు. "ఏం తింటున్నారు?"

"పూటకో చేప, రెండు గుడ్లండి."

"ఏ చేపండీ? గోదాట్లో ఉన్నదా?" అంది వెనకనుంచి సత్యవతి. మొత్తం చెప్పేసింది.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టారు. "కణితిలో హిస్టమిన్ ఉన్నమాట నిజమే. అది కణితి పెరగడానికి సాయపడుతుందా అని పరిశోధనలూ జరుగుతున్నాయి. కానీ మీకు పనికొచ్చే వైద్యంగా ఇంకా తేలలేదు. పెరుగు మానేస్తే కణితి మాడదు తాతగారూ, మీరు మాడతారు. ఈ నీరసంలో ఇవాళ కీమో ఇవ్వలేను."

కీమో వాయిదా పడింది. ఆలస్యమైతే మిగిలిపోయిన కణాలు పుంజుకుంటాయేమోనని భయం. తిరుగు బస్సులో సత్యవతి కిటికీ వైపు చూస్తూ, "బస్సు నడిపేది డ్రైవరు. మీది విజిలే. ఇప్పటికైనా నోట్లోంచి తియ్యండి" అంది. తల ఊపాను.

తిన్నాను. వాంతయినా మళ్లీ తిన్నాను. కీమో ఆలస్యంగానైనా పూర్తయింది. ఇప్పుడు క్యాన్సర్ తిరగబెట్టకుండా రోజూ టామాక్సిఫెన్ మాత్ర వేసుకుంటున్నాను. చొక్కా ఎడమవైపు బోసిగా వేలాడుతుంది. గోదారి గట్టు దాకా నడిస్తే చాలు, మధ్యాహ్నమంతా పడకే. ఎక్కడ దురద పుట్టినా వెంటనే చేత్తో తడిమి చూసుకుంటాను.

నేను చెప్పగలిగింది ఒక్కటే. డాక్టరు "ఏం తింటున్నారు?" అని అడిగినప్పుడు రోగిని జవాబు చెప్పనివ్వకండి. వండిపెట్టేవాళ్లని వెంట తీసుకెళ్లి వాళ్లచేత చెప్పించండి.

ఈ పూట నేను రెండు గుడ్లు తిన్నాను. సత్యవతి ఇది చదివి, "ఒకటి" అంటోంది. ఒకటే.